సెకండ్‌హ్యాండ్ పెద్ద ట్యాంకులోకి గోల్డ్‌ఫిష్‌లను మార్చేటప్పుడు స్పాంజి కడగకండి

అమ్మా, మీరు అడిగింది ఇదీ. విజయనగరం కంటోన్మెంట్‌లో మీ ఇంట్లో రెండడుగుల ట్యాంకులో నాలుగేళ్లుగా రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక సక్కర్ చేప ఉన్నాయి. అవి పెరిగాయి, ట్యాంకు ఇరుకైపోయింది. శ్రీకాకుళంలో ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోతున్న ఒకళ్ల దగ్గర మూడడుగుల ట్యాంకు, ఇనప స్టాండు కలిపి రెండున్నర వేలకు మాట్లాడుకున్నారు. ఏడాదిగా అది వాళ్ల వరండాలో ఖాళీగా ఎండి ఉంది. "కొత్త నీళ్లు నింపండి, నీలం మందు నాలుగు చుక్కలు వెయ్యండి, ఒక రోజు ఆగి చేపల్ని వదిలెయ్యండి" అని షాపతను చెప్పాడు. అది నిజమేనా, లేక పాత నీళ్లన్నీ మోసుకుని కొత్త ట్యాంకులో పొయ్యాలా అని మీ సందేహం.

షాపతను చెప్పినదాంట్లో ఒక రోజు ఆగడం ఒక్కటే మంచి మాట. నీలం మందు వద్దు. పాత నీళ్లు మొయ్యక్కర్లేదు. మీరు జాగ్రత్తగా మొయ్యాల్సింది పాత ఫిల్టర్‌లో ఉన్న మురికి స్పాంజిని. దాన్ని కడగకుండా, ఆరనివ్వకుండా పెద్ద ట్యాంకులోకి చేర్చగలిగితే ముప్పాతిక పని అయిపోయినట్టే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తప్పు నేను చేశాను. నాది శ్రీకాకుళమే, పాలకొండ రోడ్డు వైపు ఉంటాను. ఇరవై ఏళ్లు దాటింది చేపలు పెంచడం మొదలుపెట్టి. మొదటి ఏడెనిమిదేళ్లు పెంచిన వాటికంటే చంపినవే ఎక్కువ. 2011లో మీలాగే నేనూ ఒక పాత నాలుగడుగుల ట్యాంకు కొన్నాను. కొత్తింట్లోకి వెళుతున్నాయి కదా, అంతా శుభ్రంగా ఉండాలని గులకరాళ్లు, ఫిల్టరు, స్పాంజి అన్నీ కుళాయి కింద పెట్టి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పిండాను. ట్యాంకు అద్దంలా మెరిసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాలుగో రోజు పొద్దున్న మా ఆవిడ వంటింట్లోంచి వస్తూ, "ఇవేంటండీ, అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి" అంది. వెళ్లి చూస్తే అన్నీ నీటి అంచుకి మూతులు ఆనించి ఉన్నాయి, తోకల మీద సన్నగా ఎర్రటి జీరలు. నీళ్లు మాత్రం ఇంకా అద్దంలాగే ఉన్నాయి. ఆదివారానికి తొమ్మిదింట్లో రెండు మిగిలాయి. పక్కింటాయన గోడ మీంచి చూసి, "ఏటి బాబూ, మళ్లీ సచ్చిపోనాయేటి సేపలు?" అన్నాడు. ఆ "మళ్లీ" అన్న మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జరిగింది ఏమిటంటే, చేప ఊపిరి తీసుకునే మొప్పల్లోంచే అమ్మోనియా బయటికి వస్తుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియాయే. అది చేపకి విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటుతో పెద్ద తొందర లేదు, వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజి రంధ్రాల్లో, రాళ్ల మీద, గాజుకి పట్టిన జిగురులో అంటుకుని ఉంటుంది. ఏమీ లేని కొత్త ట్యాంకులో అది తనంతట తాను పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను కుళాయి కింద పిండి పారేసింది దాన్నే. పిండగా మిగిలినదాన్ని కుళాయి నీళ్లలో క్లోరిన్ చంపింది.

పాల గిన్నె మార్చినా తోడు ఉంటే పెరుగు అవుతుంది కదా, మీ స్పాంజి ఆ తోడు లాంటిది. పైగా మీ విషయంలో ఇంకో సుఖం ఉంది. ట్యాంకు మూడింతలు పెద్దదవుతోంది గానీ చేపలు ఆ మూడే. ఆ మూడూ విడిచే అమ్మోనియాకి సరిపడా బ్యాక్టీరియా మీ పాత స్పాంజిలో ఇప్పటికే ఉంది. అందుకే నెలంతా ఖాళీ ట్యాంకు నడిపి ఎదురుచూడక్కర్లేదు. పాత ఫిల్టరుని అలాగే తెచ్చి పెద్ద ట్యాంకులో పెట్టి ఆన్ చేస్తే అదే రోజు చేపల్ని మార్చవచ్చు. పెద్ద ట్యాంకుకి కొత్త ఫిల్టరు కొంటారు, కొనాలి కూడా. అది పక్కన ఇంకోటిగా నడవాలి, పాతదాని బదులు కాదు. కనీసం ఆరు వారాలు రెండూ కలిసి నడవనివ్వండి.

నీలం మందు సంగతీ ఇదే. అది మెథిలిన్ బ్లూ. గుడ్లకి బూజు పట్టకుండా, జబ్బు చేపని వేరే టబ్బులో ఉంచినప్పుడు పనికొస్తుంది. ఫిల్టరు నడిచే ట్యాంకులో వేస్తే ఆ మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది. సిలికాన్ అతుకులు కూడా నీలం రంగు పట్టేస్తాయి, ఇక వదలదు.

ఇప్పుడు ట్యాంకు. డబ్బులిచ్చేముందు టేపు పట్టుకెళ్లండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అన్నారు. ఘనపుటడుగుకి 28 లీటర్లు పైచిలుకు లెక్కన అంచుదాకా 190 లీటర్లు. పైన రెండంగుళాలు వదిలితే 170. మీ రెండడుగుల దాంట్లో ఇప్పుడు యాభై కూడా ఉండవు. గాజు మందం పై అంచు దగ్గర స్కేలు పెట్టి చూడండి. ఆ ఎత్తుకి 8 ఎం.ఎం. ఉంటే నిశ్చింత. 6 అయితే పైన అడ్డంగా అతికించిన గాజు పట్టీలు ఉండి తీరాలి, అప్పుడు కూడా నేనైతే అడుగు ఎత్తుకి మించి నీళ్లు పొయ్యను. 5 అయితే ఎంత చవకగా ఇచ్చినా వదిలెయ్యండి. మూలల్లో పెచ్చు లేచిందేమో, నెర్రె ఉందేమో టార్చి వేసి చూడండి. లోపలి సిలికాన్‌ని గోటితో మెల్లగా గీకండి. రబ్బరులా వెనక్కి వస్తే మంచిది, అంచు లేచి పొరలా వస్తే అతుకు వేయించుకోవాల్సిందే.

ఇంకో ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి, ఖాళీగా ఉన్న ఈ ఏడాదిలో దాంట్లో ఏం పెట్టారని. పురుగుల మందు డబ్బాలు, పెయింటు, కిరసనాయిలు పెట్టానంటే నేనైతే కొనను. సిలికాన్ కొన్ని మందుల్ని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా తర్వాత కొంచెం కొంచెం వదులుతుంది.

తెచ్చేటప్పుడు టాటా ఏస్ మాట్లాడుకోండి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చే సైజు కాదు. లోపల ఒక్క రాయి కూడా ఉండకూడదు. కింద పాత పరుపు వేసి, ట్యాంకుని పడుకోబెట్టకుండా అడుగు మీదే నిలబెట్టండి. ఎత్తేటప్పుడు పై పట్టీలు పట్టుకోనివ్వకండి, కింద చేతులు వెయ్యాలి. హైవే బాగానే ఉంటుంది, నాతవలస దగ్గర విజయనగరం వైపు తిరిగాక డ్రైవర్‌ని నెమ్మదిగా పొమ్మనండి.

ఇంటికి రాగానే లోపల పెట్టొద్దు, ముందు కారుతుందేమో చూడాలి. మేడ మీదో పెరట్లోనో చదునైన చోట, కింద అంగుళం థర్మాకోల్ షీటు వేసి నింపండి. చుట్టూ అంచుకి ఆనించి పాత న్యూస్‌పేపర్ పరవండి. గాజు మీద చెమ్మ కంటికి కనబడదు, పేపర్ మీద నీటిచుక్క పడితే నల్లగా మచ్చ కనిపిస్తుంది. రెండు రోజులు, అంటే 48 గంటలు పూర్తిగా ఆగండి. ఒక పాత ట్యాంకు నాకు మొదటి రోజంతా బొట్టు రాల్చలేదు. రెండో రోజు రాత్రి పేపర్ మూలలో రూపాయి బిళ్లంత తడి కనిపించింది, తెల్లారేసరికి అరచేయంత అయింది. ఆ రాత్రి అది హాల్లో ఉండి ఉంటే టీవీ స్టాండు, మా ఆవిడ నోరు రెండింటినీ తట్టుకోవాల్సి వచ్చేది.

కారితే కంగారు పడకండి, బాగుచేసుకోవచ్చు. కానీ కారిన చోట పైన కొంచెం సిలికాన్ పూస్తే సరిపోదు, పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. లోపలి పట్టీ మొత్తం బ్లేడుతో గీకి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, ఒకేసారి కొత్తది వెయ్యాలి. ట్యూబు మీద అక్వేరియంకి పనికొస్తుందని రాసి ఉండాలి. బాత్రూముల కోసం వచ్చే, బూజు పట్టని రకంలో మందు కలుపుతారు, అది చేపలకి పడదు. అక్వేరియం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, ఇంత ట్యాంకుకైతే వారం రోజులు, నీళ్లు పొయ్యకండి.

శుభ్రం చెయ్యడానికి సబ్బు, గిన్నెల లిక్విడ్, సర్ఫు ఏదీ తగలకూడదు. గాజు మీద తెల్లటి చార ఉంటుంది, అది నీళ్లలోని సున్నం. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట దాని మీద వేసి ఉంచి, బ్లేడుతో గీకితే వచ్చేస్తుంది. ఏడాదిగా ఎండింది కాబట్టి జబ్బుల గురించి అంత భయం లేదు, తెల్లమచ్చల జబ్బు లాంటివి తెచ్చే క్రిములు పొడిలో బతకవు. నాలుగుసార్లు మంచినీళ్లతో కడిగి ఒక పూట ఎండలో పెడితే చాలు. వాళ్లు ఇచ్చే రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు నేనైతే తీసుకోను.

స్టాండు గురించి ఒక్క మాట. 170 లీటర్ల నీళ్లు 170 కేజీలు. గాజు ముప్పై కేజీలు పైన, రాళ్లు ఇంకో పదిహేను. అంతా కలిపి పాతిక కేజీల బియ్యం బస్తాలు తొమ్మిది ఒకచోట పేర్చినట్టు. గోడ పక్కన, కింద బీమ్ ఉన్నచోట పెట్టండి. స్టాండు మీద ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్, అప్పుడు ట్యాంకు. రసమట్టం పెట్టి చూడండి. ఒక మూల ఎత్తుగా ఉంటే కాలి కిందే రేకు ముక్క పెట్టి సర్దాలి, గాజు కింద పెట్టకూడదు.

నీళ్ల సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది స్పాంజి జాగ్రత్తగా తెచ్చి ఇక్కడ పోగొట్టుకుంటారు. నాలుగేళ్ల ట్యాంకు అన్నారు. నీళ్లు ఎప్పుడెప్పుడు మారుస్తారో రాయలేదు. తగ్గినప్పుడు పైన నాలుగు చెంబులు పొయ్యడమే మీ అలవాటయితే, ఆ నీళ్లు ఇప్పటికి బాగా పులిసి ఉంటాయి. అమ్మోనియాని మార్చే పనిలో ఆ బ్యాక్టీరియా నీటిలోని క్షారాన్ని తింటుంది, పీహెచ్, అంటే నీళ్లు పులిసేకొద్దీ తగ్గే అంకె, మెల్లగా పడిపోతుంది. తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా ఉన్నా అంత హాని చెయ్యని రూపంలో ఉంటుంది. చేపలు రోజూ కొంచెం కొంచెంగా దానికి అలవాటు పడతాయి. అలాంటి చేపని తీసి, పీహెచ్ 8 దగ్గర ఉండే బోరు నీళ్లలో వేశారనుకోండి, నీళ్లు మంచివే అయినా చేప తట్టుకోలేదు. పాత నీళ్లూ కొంచెం కలిపి పోస్తే ఇంకో చిక్కు. దాంట్లో ఉన్న అమ్మోనియా పీహెచ్ పెరగ్గానే విషపు రూపంలోకి మారుతుంది.

అందుకని మార్చే రోజుకి పది రోజుల ముందు నుంచే పాత ట్యాంకులో రోజు విడిచి రోజు ఐదో వంతు నీళ్లు తీసి, పెద్ద ట్యాంకులో ఏ నీళ్లు పొయ్యబోతున్నారో అవే పోస్తూ రండి. పదో రోజుకి పాత ట్యాంకులో మూడింట రెండు వంతులు కొత్త నీళ్లే ఉంటాయి. అప్పుడు చేపకి మార్పు అంతగా తెలియదు.

మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ తియ్యాలి. షాపుల్లో హైపో అని పలుకులు అమ్ముతారు, బకెట్టుకి నాలుగైదు పలుకులు కరిగిస్తే చాలు. లేదా టబ్బులో గాలి రాయి, అంటే గాలి పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి, వేసి ఒక రోజంతా ఉంచండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ కూడా ఉండదు, భూమిలోంచి రాగానే పీహెచ్ ఒకటి, రాత్రంతా గాలి కొట్టాక ఇంకొకటి. కాబట్టి అదీ ఒక రోజు నిలవాలి. నూతి నీళ్లు ఉంటే అన్నిటికంటే మేలు, చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకు లేనంతవరకు. ఇరవై లీటర్ల ఆర్వో టిన్నులు మాత్రం తెప్పించకండి. మనకి మంచి నీళ్లు చేపకీ మంచివని చాలామంది అనుకుంటారు. దాంట్లో లవణాలు తీసేస్తారు, పీహెచ్ నిలకడగా ఉండదు. గోల్డ్‌ఫిష్‌కి కాస్త గట్టి నీళ్లే ఇష్టం.

ఇక మార్చే రోజు. ముందురోజు సాయంత్రం పెద్ద ట్యాంకు దాని చోట పెట్టి, నీళ్లు నింపి, గాలి పంపు ఆన్ చేసి ఉంచండి. ఆ రోజు నుంచి చేపలకి మేత లేదు. మర్నాడు ఎండ తగ్గాక మొదలుపెట్టండి. మన వేసవిలో నీళ్లు ముప్పై డిగ్రీలు దాటతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం పని వద్దు. పాత ట్యాంకు పైనీళ్లు రెండు టబ్బుల్లోకి తీసుకోండి. ఒకటి చేపలకి, గాలి రాయి వేసి పైన గుడ్డ కప్పండి. ఇంకోదాంట్లో ఫిల్టరు స్పాంజి పూర్తిగా మునగాలి. వల కంటే చేతులు మంచివి. తలమీద గడ్డలా ఉండే ఒరాండాని, అంటే మీ లావు గోల్డ్‌ఫిష్‌ని, చేతులు తడుపుకుని కింద అరచేయి పెట్టి ఎత్తండి. సక్కర్ ముళ్లు వలలో చిక్కుకుంటాయి, దాన్ని మగ్గులోకి తోలండి.

స్పాంజిని మొదట పెద్ద ట్యాంకులో పెట్టి ఆన్ చెయ్యండి. పాత రాళ్లలో ఒకటి రెండు గుప్పిళ్లు దోమతెర గుడ్డలో మూటకట్టి ఫిల్టరు పక్కన వేస్తే ఇంకా మంచిది. మిగతా రాళ్లని పాత ట్యాంకులో ఉండగా కెలకవద్దు, అడుగున పేరుకున్న నల్లటి మడ్డిలోంచి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది చేపలున్న నీళ్లలో లేవకూడదు. చేపల టబ్బులో పావుగంటకోసారి రెండు చెంబులు పెద్ద ట్యాంకు నీళ్లు కలుపుతూ గంట గడపండి. తర్వాత చేపల్ని మాత్రమే వదిలి టబ్బు నీళ్లు మొక్కలకి పొయ్యండి. రాత్రికి లైటు వెయ్యకండి. అవి ఒక మూల నక్కి ఉంటాయి, అది మామూలే.

లీటరుకి ఒక గ్రాము చొప్పున కల్లుప్పు, మీకైతే 170 గ్రాములు, విడిగా నీళ్లలో కరిగించి పోస్తే మొదటి వారాల్లో నైట్రైటు తగిలినా మొప్పలు తట్టుకుంటాయి. ఏ పొడీ కలపని మన నౌపడ ఉప్పే బంగారం. డబ్బాలో "అక్వేరియం సాల్ట్" అని నాలుగు రెట్లు పెట్టి కొనక్కర్లేదు.

వారం రోజులు రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. అమ్మోనియా చూసే చుక్కల కిట్ ఒకటి కొనండి, దాని ఖరీదు ఒక మంచి చేపంత ఉండదు. దొరక్కపోతే పూసపాటిరేగ, భోగాపురం వైపు రొయ్యల చెరువులున్నవాళ్లని అడగండి, వాళ్లకి నీళ్ల పరీక్ష రోజువారీ పనే. రంగు 0.25 చూపిస్తే మేత ఆపి చూడండి. 0.5 అయితే మూడో వంతు నీళ్లు మార్చండి. రెండో వారంలో నీళ్లు పాలలా తెల్లబడితే అదో రకం బ్యాక్టీరియా ఉధృతి, నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. దాన్ని చూసి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగడం మొదలుపెట్టకండి.

పెద్ద ట్యాంకులో మూడు చేపలు వెలితిగా కనిపిస్తాయి. మీ అబ్బాయి మొదటి ఆదివారమే షాపుకి పదమంటాడు. నెల రోజులు ఆపండి. ఆ తర్వాత కూడా మహా అయితే ఇంకో గోల్డ్‌ఫిష్. పాత ట్యాంకుని అమ్మకండి. కొత్త చేప ముందు మూడు వారాలు దాంట్లో ఉండి, జబ్బు లేదని తేలాక పెద్దదాంట్లోకి రావాలి.

సక్కర్ విషయంలో మీకు నచ్చని మాట చెప్పాలి. అది అడుగు దాటి పెరుగుతుంది, మూడడుగుల ట్యాంకు కూడా దానికి కొన్నాళ్లే. ఆకలి వేస్తే రాత్రిపూట గోల్డ్‌ఫిష్‌ల ఒంటికి అంటుకుని జిగురు నాకుతుంది. గోల్డ్‌ఫిష్ పక్కల మీద పొలుసు లేచిన మచ్చలు చూస్తే అదే కారణం. దోసకాయ ముక్క రాత్రి పడేసి చూడండి. తర్వాత ఎవరికైనా పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇవ్వండి. పెద్ద చెరువులోనో చంపావతిలోనో వదిలేద్దాం, పాపం బతుకుతుంది అనుకోవద్దు. బతుకుతుంది, అదే ఇబ్బంది. చెరువుల్లో చేపలు పట్టుకునేవాళ్ల వలలు చింపే దెయ్యం చేప అని పేపర్లలో వచ్చేది దాని గురించే.

మరో రెండు సంగతులు, ఎవరూ చెప్పరు. దోమల మందు ప్లగ్, కాయిల్, స్ప్రే ఏదైనా ట్యాంకున్న గదిలో వద్దు. గాలి పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది, ఆ మందులు చాలావరకు చేపలకి చాలా విషం. దోమతెర కట్టుకోండి. రెండోది కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాసలో మా చెల్లెలి ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. వాళ్ల ట్యాంకు పెద్దది, చేపలు నాలుగే. మేత పూర్తిగా ఆపేసి, మా మేనల్లుడు గంటకోసారి చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోశాడు. స్పాంజిని పంపు లోంచి తీసి నీళ్లలోనే వేలాడదీశారు, మూసిన డబ్బాలో ఉంటే దాంట్లోని బ్యాక్టీరియా గాలి ఆడక చచ్చేది. నాలుగూ బతికాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి అక్టోబరు లోపల కొని పెట్టుకోండి.

ఈ ఆదివారం ట్యాంకు చూడ్డానికి వెళుతున్నానన్నారు కదా. గాజు మందం, పై పట్టీలు ఉన్నాయా లేవా, మీరు నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తారు, ఈ మూడూ రాయండి. మందం 5 వస్తే అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చెయ్యండి.